ఒకటి నొక్కితే కుడి, రెండు నొక్కితే ఎడమ

మా అన్న మనోహర్ చెప్పే కథ ప్రకారం మా ఇంటి విమానం పోవడానికి కారణం నా నోరు. మైదానంలో నేను పెట్టిన కేకకు కంగారుపడి బటన్ తప్పు నొక్కాడట, విమానం జూ గోడ దాటి సరిగ్గా సింహం ముందు పడిందట, సింహం జడుసుకుని గుహలోకి ఉరికిందట. సింహం సంగతి అబద్ధమని వినేవాళ్లందరికీ తెలుసు. అయినా నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూనే నా నోటి సంగతి మాత్రం నిజమని నమ్మేస్తారు. నలభై ఏళ్లుగా మా ఇంట్లో పెళ్లయినా పురుడైనా ఈ కథ ఒకసారి వడ్డించాల్సిందే. నా పెళ్లిలో కూడా చెప్పాడు, కొత్త పెళ్లికొడుకు వినేలా, జాగ్రత్త చెబుతున్నట్టుగా.

మొన్న అన్న చిన్న కూతురి పెళ్లిలో మళ్లీ అదే జరిగింది. ఫంక్షన్ హాలు మీద ఫోటోలవాళ్లు డ్రోన్ ఎగరేశారు. అది గుయ్యిమంటూ మండపం చుట్టూ తిరిగి, పెళ్లికూతురి మీద పూలరేకులు చల్లి, బుద్ధిగా వచ్చి పెట్టెలో కూర్చుంది. దాన్ని ఆడించేవాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. ఎలా వచ్చిందని అడిగితే "ఇంటికి రమ్మనే బటన్ ఉంటది మేడమ్, నొక్కితే అదే వస్తది" అన్నాడు. అంతే, మా అన్నకు ఊపొచ్చింది. వియ్యాలవారిని చుట్టూ కూర్చోబెట్టుకుని సింహం దగ్గరికి వచ్చేశాడు. ఈ నిందను నేను బోనంలా నెత్తిన పెట్టుకుని ఎన్నాళ్లు మోయను? లేచి "అబద్ధం" అన్నాను. మా వదిన నా కొంగు పట్టుకుని లాగింది. "పెళ్లిల లొల్లెందుకు సుశీలా, నవ్వుకోనియ్యరాదు?" సరే, పెళ్లిలో లొల్లి వద్దు. కాగితం మీద పెట్టుకుంటాను. ఇక్కడ నా కొంగు లాగేవాళ్లు లేరు.

మేమప్పుడు హుస్సేనీ ఆలంలో ఉండేవాళ్లం. వీధి వైపు ఒక పెద్ద గది, దాని వెనక వంటిల్లు, దాని పక్కన వెనక వసారా, ఆ తర్వాత అరచేతంత పెరడు. పెద్ద గదిలో నిలబడితే ముందు వీధి తలుపు, వెనక వసారా గడప, రెండూ ఒకే వరసలో కనిపించేవి. వీధి తలుపు తూర్పు, వసారా పడమర. ఈ దిక్కులు కాస్త గుర్తుపెట్టుకోండి, గొడవంతా వాటి దగ్గరే ఉంది. మా పెరటి గోడలో మూరెడు కిటికీ ఒకటుండేది, తలుపుల్లేనిది. దానికవతల చాంద్ బీ ఖాలా ఇల్లు. ఆ కిటికీలోంచి మా పచ్చిపులుసు అటు పోయేది, వాళ్ల బగారా అన్నం ఇటు వచ్చేది. ఖాలా ఇంట్లో కూర్చుని పతంగులు చేసేది. దుకాణాలవాళ్లు కాగితం తెచ్చి పడేసి తయారైనవి కట్టలు కట్టుకుపోయేవారు. తెల్లారి లేస్తే మాకు ముందు వచ్చే వాసన పతంగులు అతికించడానికి ఆమె పొయ్యి మీద ఉడికే మైదా లేయిది, ఆ వెనక పచ్చి వెదురు చీల్చిన వాసన, ఆ వెనక మా నాయనమ్మ తలకు రాసుకునే ఆముదం. సాయంత్రానికి వీటన్నిటినీ తోసుకుంటూ బాపు వచ్చేవాడు, మెషిన్ ఆయిలు వాసనతో.

బాపు ఒక సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంటికి రాగానే చేతులు కడగడం ఒక పెద్ద తతంగం. ముందు కిరసనాయిలు గుడ్డతో తుడవాలి, తర్వాత సున్నిపిండి, తర్వాత లైఫ్‌బాయ్ లాంటి ఎర్ర సబ్బు. అన్నీ అయ్యాక వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి "ఇంక ఉన్నది" అని మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ వాసన పోకుండా అన్నం ముట్టేవాడు కాదు. నేను అడ్డంగా మాట్లాడినప్పుడల్లా "నీకు వకాలత్ చదివిపిస్త బిడ్డా, జడ్జీలు పారిపోతరు" అనేవాడు. చదివించలేదు, డిగ్రీ దగ్గర ఆపేశాడు, అది వేరే తగువు.

ఫ్యాక్టరీలో కొత్త మెషిన్లు బిగించడానికి సీమనుంచి ఒక ఇంగ్లీషు ఇంజనీరు వచ్చి కొన్ని నెలలున్నాడు. సాయంత్రాలు తీరిగ్గా కట్టుకోవచ్చని ఒక బొమ్మ విమానం పెట్టె వెంట తెచ్చుకున్నాడట. మన నీళ్లు పడక సాయంత్రాలన్నీ కడుపు పట్టుకోవడంలోనే గడిచిపోయాయి. పోతూ పోతూ ఆ పెట్టెను బాపు చేతిలో పెట్టాడు. బాపు దాన్ని సైకిలు క్యారియర్ మీద కట్టుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు నడిపించుకుంటూ వచ్చాడు. అప్పటికే పాతది, అట్ట మూలలు నలిగిపోయాయి. పైన బొమ్మ: పచ్చిక మైదానం, గాలిలో పసుప్పచ్చ విమానం, కింద ఒక తండ్రి, కొడుకు. తండ్రి చేతిలో నిలువెత్తు ఏరియల్ ఉన్న డబ్బా. ఆ బొమ్మలో కూతురు లేదని నేను ఆరోజే గమనించాను.

మూత తీస్తే లోపల కొయ్య ముక్కలు. నాయనమ్మ ఒకటి ఎత్తి చూసి అదిరిపడింది. "ఏందిరా ఇది, బెండా? బరువే లేదు. దీంతోని ఏం వండుకుంటరు?" పల్చటి పలకల మీద పక్కటెముకల్లాగా గీతలు కొట్టి ఉన్నాయి, కోసుకుని అతికించుకోవాలి. గుప్పెట్లో పట్టే ఇంజను ఒకటి. బూడిద రంగు రేకు డబ్బా ఒకటి, దాని మీద ఒకే ఒక్క ఎర్ర బటను. అడుగున మడతలు మడతలుగా ఒక పెద్ద కాగితం, ఎలా కట్టాలో ఎలా ఎగరేయాలో చిన్న అక్షరాలతో రెండు వైపులా ఇంగ్లీషులో.

ఆ కాగితమే నన్ను ఈ కథలోకి తెచ్చింది. బాపు చదువు నిజాం కాలపు ఉర్దూ మీడియం. ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, మెషిన్ల మీది పేర్లు తెలుసు, వాక్యం మాత్రం గొంతులో అడ్డం పడేది. అన్న ఆ ఏడు ఇంటర్ తప్పాడు. తప్పినప్పటి నుంచి గోడకు మొహం పెట్టి పడుకోవడం, ఎవరైనా పుస్తకం మాటెత్తితే లేచి వెళ్లిపోవడం. ఇంగ్లీషు కాగితం చూడగానే "నాకు తలనొస్తుంది" అన్నాడు. నేను కాన్వెంటులో తొమ్మిదో క్లాసు. బాపు కాగితం నా ముందు పెట్టాడు. నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేదాన్ని. బాపు విని, ఒకసారి కళ్లు మూసుకుని, పక్కన ఖాళీలో పెన్సిలుతో ఉర్దూలో రాసుకునేవాడు, కుడి నుంచి ఎడమకు, చీమల బారులాగా. ఒక్కోసారి నా తెలుగు ఆయనకు నచ్చేది కాదు.

"పక్కటెముక మధ్యల కన్నం అంటవేందే, కన్నం ఎంత?"

"కాగితంల లేదు బాపూ."

"కాగితంల లేకుంటే ఇంజనీరు తలకాయల ఉంటది. బొమ్మ మీద కొలిచి చూడు."

మొదటి రోజే నేను బేరం పెట్టాను. చదివేది నేను, రాసుకునేది నువ్వు, కోసేది అన్న, మరి ఎగరేసేది ఎవరు? బాపు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎవలు చదివిన్రో వాళ్లే నొక్కాలె. మొదటిసారి బటన్ నీదే బిడ్డా." నాయనమ్మ సాక్షి, ఖాలా గోడ కిటికీలోంచి సాక్షి. ఇద్దరూ పోయారు ఇప్పుడు. అయినా చెబుతున్నాను, మాట ఇచ్చాడు.

ఊళ్లో గడబిడై కర్ఫ్యూ పెట్టిన వారం మాకు కలిసొచ్చింది. బడి లేదు, ఫ్యాక్టరీ బస్సు లేదు, పాల కోసం రెండు గంటలు వదిలితే మిగతా రోజంతా ఇల్లే. పెద్ద గది నేల మీద రెక్కల అస్థిపంజరాలు ఆరబెట్టి ఉంటే అమ్మ వాటిని దాటుకుంటూ కంచాలు పెట్టేది. కర్ఫ్యూ మూడో రోజుకు రెక్కల మీద అతికించే పల్చటి కాగితం పొట్లం విప్పితే అందులో పొడి తప్ప ఏమీ లేదు. చెమ్మకు చీకి, పురుగు తిని, పట్టుకుంటే రాలిపోయింది. బాపు తల పట్టుకున్నాడు. నేను పెరట్లోకి పోయి కిటికీలోంచి కేకేశాను. ఖాలా వచ్చి, రెక్కను కిటికీలోంచి అటు తీసుకుని, రెండు వేళ్ల మీద నిలబెట్టి తూచింది.

"ఏ తో పతంగ్ ఈచ్ హై రే. బడా పతంగ్." ఇది పతంగే కదా, కాస్త పెద్దది, అని తేల్చేసింది. ఏ రంగు కావాలని బాపు ఆలోచిస్తుంటే నవ్వింది. "రంగ్ నక్కో దేఖో భాయ్, కాగజ్ దేఖో. ఉడ్తా సో కాగజ్ హై." ఎగిరేది రంగు కాదట, కాగితమట.

కాగితం పచ్చది సగం, గులాబీది సగం ఇచ్చింది, ఇంట్లో అవే మిగిలాయి. లేయి పూయడం కూడా తనే నేర్పింది, చూపుడువేలితో కాదు ఉంగరపువేలితో, ఆ వేలికి బలం తక్కువ కాబట్టి కాగితం చిరగదట. కిటికీకి అటు ఆమె, ఇటు నేను, మధ్యలో రెక్క. ఇంగ్లీషు కాగితంలో ఆ తర్వాతి మాట నీళ్లు చల్లమని. అది చెప్పగానే ఖాలా చెంపలేసుకుంది. "పానీ? పతంగ్ పో పానీ? దివానీ హుయీ క్యా బిటియా?" పిచ్చిపట్టిందా అని. జన్మంతా పతంగులను తడవకుండా కాపాడిన మనిషి, పాపం. నేను ఆమె చూడకుండా చల్లాను. అర్ధగంటలో కాగితం ఆరి డప్పులాగా బిగిసింది, వేలితో కొడితే మోగింది. కాకపోతే రంగులు కారి, పచ్చ గులాబీ కలిసిన చోటల్లా గాయం మానుతున్నప్పుడుండే రంగు వచ్చింది. నా చేతులు వారం రోజులు అలాగే ఉన్నాయి. దాని మీద కార్లకు రంగులేసే షాపు నుంచి ఆ రెండు గంటల్లో తెచ్చిన వార్నిష్ పూస్తే మురిగిన అరటిపళ్ల వాసన ఇల్లంతా పట్టుకుంది. ఇప్పటికీ ఎవరైనా గోళ్లరంగు మూత తీస్తే నాకు కర్ఫ్యూ గుర్తొస్తుంది.

అమ్మకు మాత్రం రెక్కలతో పేచీ లేదు, ఆ ఏరియల్ డబ్బాతోనే. "వైర్‌లెస్ అంటరు దాన్ని. బయట పోలీసోళ్లు తిరుగుతున్నరు. ఇంట్ల వైర్‌లెస్ దొరికితే నిన్ను ఏమంటరో ఎరుకేనా?" అని దాన్ని పాత చీరలో చుట్టి బియ్యం డబ్బాలో దాచేది. మేము బయటికి తీసి, ఊదుకుని, బియ్యపు గింజలు దులిపి వాడేవాళ్లం. నాయనమ్మకు మరో పేచీ వచ్చింది. ఇంజనుకు పోయాల్సింది మూడు సమపాళ్లలో, ఈథర్, కిరసనాయిలు, ఆముదం అని నేను చదివాను. ఈథర్ మాకు తెలిసిన కాంపౌండరు సీసాలో పోసిచ్చాడు, కిరసనాయిలు ఇంట్లో ఉంది, ఆముదం నాయనమ్మది. ఆమె తన సీసా ఒళ్లో పెట్టుకుని "నా తలకాయకు లేని నూనె దానికెందుకురా" అంటూనే గిద్దెడు పోసింది. పోశాక ఆ విమానం తనదన్నట్టే మాట్లాడేది.

అందుకే అది తయారయ్యాక ఎక్కడుండాలో కూడా ఆవిడే నిర్ణయించింది. పెద్ద గది దూలానికి మా ఉయ్యాల కొక్కెం ఉంది. అక్కడ వేలాడదీయించి, మూతికి బొట్టు పెట్టి, "కొత్తది. దీని మొకం తూర్పుకే ఉండాలె" అంది. తూర్పంటే వీధి తలుపు. బాపు, అన్న కూర్చునేది వీధి తలుపు దగ్గరే, వెలుతురుంటుందని. అంటే విమానం వాళ్ల మొహంలోకి చూస్తూ వేలాడేది. తోక మా వసారా వైపు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ డబ్బాకు ఒక్కటే బటను. ఒకసారి నొక్కి పట్టుకుంటే తోక మీద నిలువుగా ఉండే చిన్న రెక్క ఒకవైపు తిరుగుతుంది, విమానం కుడికి పోతుంది. నొక్కి వదిలి మళ్లీ నొక్కి పట్టుకుంటే రెండోవైపు తిరుగుతుంది, విమానం ఎడమకు పోతుంది. వదిలేస్తే రెక్క సాపుగా వస్తుంది, విమానం మూతి ఎటుంటే అటే తిన్నగా పోతుంది. లోపల దాన్ని తిప్పేది మెలిపెట్టిన రబ్బరు పట్టీ. నేను చదివిందీ అదే: ఒకటి కుడి, రెండు ఎడమ. అన్న తలుపు దగ్గర కూర్చుని ఒకసారి నొక్కాడు. తోక రెక్క ఎడమకు తిరిగింది. వదిలేసి, కాసేపాగి మళ్లీ ఒక్కసారే నొక్కాడు, మళ్లీ ఎడమకే.

"ఉల్టా ఉన్నది బాపూ. ఇంగ్లీషోడు తప్పు రాసిండు" అన్నాడు. నెలల తర్వాత అన్న మొహంలో అప్పుడే నవ్వు చూశాను. "లేకుంటే ఇది తప్పు చదివింది."

అప్పుడు నేను గదిలో లేను. ఆ మూడు రోజులూ నేను వెనక వసారాలో, గడపకవతల చాప మీద ఉన్నాను. ఏ మూడు రోజులో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు, మగవాళ్లకు చెప్పినా ఉపయోగం లేదు. నా కంచం వేరు, నా చెంబు వేరు, నేను గడప దాటి లోపలికి రాకూడదు, లోపలివాళ్లు నా చాప దగ్గరికి రాకూడదు. నాయనమ్మ ఆ విషయంలో పోలీసుల కంటే గట్టి. అలా కూర్చుని, చేయడానికేమీ లేక, గడపలోంచి విమానం వెనక భాగాన్నే చూస్తూ ఉన్నాను. అన్న ఒకటి నొక్కితే నాకు తోక రెక్క కుడికి తిరగడం కనిపిస్తోంది. శుభ్రంగా కుడికి. అప్పుడర్థమైంది. విమానం మనవైపు చూస్తుంటే దాని కుడి మన ఎడమ. ఎగిరేటప్పుడు మనల్ని వదిలి ముందుకు పోతుంది, మనం దాని వెనకుంటాం.

"కాగితం కరెక్టే. మీరు కూసున్న జాగా తప్పు!" అని వసారాలోంచే అరిచాను. "ఒక్కసారి ఇటొచ్చి చూడు అన్నా!"

"ఇటొచ్చి ఎట్ల చూస్తడే?" నాయనమ్మ గయ్యిమంది. "అంటు కలుస్తది."

"అయితే విమానం తిప్పున్రి. మొకం ఇటు పెట్టున్రి."

"పడమటికా? బొట్టు పెట్టినదాన్నా?"

బాపు నవ్వాడు. "నీది ఎప్పుడూ వాదనే గద బిడ్డా." ఆ నవ్వులో కోపం లేదు, కానీ వినడం కూడా లేదు. అన్న ఒక కాగితం ముక్క మీద "1 ఎడమ, 2 కుడి" అని రాసి లేయితో డబ్బా మీద అతికించేశాడు. ఖాలా లేయి అది, అంటుకుంటే ఊడదు. నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి వచ్చి మళ్లీ చెప్పాను. అన్న "తొమ్మిది చదువుతున్నవ్, ఇంజనీరువు కాలే" అన్నాడు. నేను కూడా ఊరుకోలేదు. "నువ్వు ఇంటరే కాలే" అన్నాను. అన్న లేచి బయటికి వెళ్లిపోయి చీకటి పడ్డాక వచ్చాడు. ఆ ఒక్క మాటకు నేను సిగ్గుపడతాను, ఒప్పుకుంటున్నాను. మిగతా దేనికీ పడను.

కర్ఫ్యూ తీసేశాక ఒక ఆదివారం బహదూర్‌పురా అవతల, జూ గోడ వెంబడి ఉన్న ఖాళీ జాగాకు పోయాం. అప్పుడు అక్కడ గడ్డీ, గేదెలూ, ఆకాశం. విమానం ఒడిలో పెట్టుకుని నేను రిక్షాలో, బాపు, అన్న సైకిళ్ల మీద. ఫ్యాక్టరీ నుంచి బాపు దోస్తులు నలుగురు ముందే వచ్చి తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్నారు. బాపు ఇంజన్లో నూనె పోశాడు, కొంత ఒలికి ఆయన జేబులో ఉన్న ఆ ఇంగ్లీషు కాగితం మీద కారింది, వేలితో పంకా తిప్పాడు, ఒకసారి, పదిసార్లు. దగ్గింది. ఇంకోసారి తిప్పితే ఇక ఆగలేదు. ఆ చప్పుడు వెయ్యి తేనెటీగలు ఒక్క రేకు డబ్బాలో. ఆ వాసన నాయనమ్మ తలలాగా, ఆసుపత్రిలాగా, మా వంటింటిలాగా, అన్నీ ఒకేసారి.

నేను బటన్ కోసం చెయ్యి చాపాను. బాపు నా వైపు చూశాడు, దోస్తుల వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. అన్న కాస్త దూరంగా, గడ్డి పరక నములుతూ, ఎవరి కళ్లలోకీ చూడకుండా నిలబడి ఉన్నాడు. దోస్తుల్లో ఒకాయన "ఏం పటేలా, మనోహర్ ఏం చేస్తుండిప్పుడు?" అని అప్పుడే అడిగి ఉన్నాడు. బాపు డబ్బా తీసుకుపోయి అన్న చేతుల్లో పెట్టాడు.

"బాపూ, నాకన్నవ్."

"తర్వాత నువ్వు. ఒక చక్కర్ అన్న కొట్టనియ్యి."

బాపు విమానాన్ని నెత్తి మీదికెత్తి, పదడుగులు పరుగెత్తి, గాలిలోకి వదిలాడు. నేనిప్పటి వరకూ చాలా చూశాను, నా పిల్లలు మొదటి అడుగు వేయడం కూడా చూశాను. కానీ నా చేత్తో బిగించిన కాగితం గాలి మీద నిలబడటం లాంటిది ఇంకోటి చూడలేదు. ఎండ దానిలోంచి కనిపించింది. పచ్చ, గులాబీ, మధ్యలో ఆ గాయం రంగు, లోపలి పక్కటెముకలన్నీ నీడలుగా. మమ్మల్ని వదిలి తిన్నగా ముందుకు, పైకి పోతోంది. కుడివైపు జూ గోడ. కాస్త ఎడమకు తిప్పి వెనక్కి తెచ్చుకోవాలి. అన్న డబ్బా మీది చీటీ చూసుకున్నాడు. ఒకటి నొక్కి పట్టుకున్నాడు. విమానం కుడికి ఒరిగింది, గోడ వైపు మూతి తిప్పింది. అన్న హడలిపోయి బటన్ వదిలేశాడు. వదిలేస్తే ఏమవుతుందో చెప్పాను కదా. అప్పుడు, అప్పుడు నేను అరిచాను: "రెండు! అన్నా, రెండు నొక్కు!" అన్న వేలు మళ్లీ కదలలేదు. విమానం గోడ దాటింది, చెట్ల మీదుగా చిన్నదైంది, చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. వరస ఇది: నొక్కాడు, తిరిగింది, వదిలాడు, అరిచాను. నా అరుపు నాలుగోది. అన్న కథలో అది మొదటిది.

ఇంకోటి కూడా చూశాను. అందరూ గోడ వైపు చూస్తుంటే బాపు నా వైపు చూస్తున్నాడు. ఇంటికి రాగానే నాయనమ్మ "ఏదిరా విమానం" అంది. అన్న చెప్పులు విప్పుతూ "ఇది మొత్తుకున్నది, నాకు గాబర అయింది, పాయె" అన్నాడు. బాపు పెరట్లో కాళ్ల మీద నీళ్లు పోసుకుంటున్నాడు. ఆయనకు వినిపించింది. చెంబు ఒక్క లిప్త ఆగింది. మళ్లీ నీళ్లు పోసుకున్నాడు. ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, పోయేదాకా అనలేదు. అన్న ఆ కథ చెప్పినప్పుడల్లా బాపు కూడా నవ్వేవాడు.

తర్వాతి ఆదివారం నన్నొక్కదాన్నే జూకు తీసుకుపోయాడు. సింహం దగ్గర కాదు, జింకల దగ్గర దొరికింది. అక్కడి పనివాడు "ఏ హవాయీ జహాజ్ ఆప్కా హై క్యా?" అని ఒక రెక్క, ఇంజను తెచ్చిచ్చాడు. రెక్క మీద కాగితం లేదు. జింకలు లేయి రుచి మరిగి మొత్తం నాకేశాయట, పక్కటెముకలు మిగిలాయి. బయటికొచ్చాక బాపు నాకు గోలీ సోడా కొట్టించాడు. నేనప్పుడు అడిగాను. "బాపూ, నేను చెప్పిందే కరెక్టు గదా?" ఆయన నా జడ సర్దాడు. "సోడా తాగు బిడ్డా, గ్యాస్ పోతది."

ఆ రెక్క చాలా ఏళ్లు వంటింటి గోడకు వేలాడి, అమ్మ దానికి జల్లెడలు తగిలించుకుని, చివరికి ఏ భోగి మంటలోనో పోయింది. హుస్సేనీ ఆలం ఇల్లు వదిలి పాతికేళ్లు దాటింది. మైదానం ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలియదు, వెతికితే ఎవరిదో మూడో అంతస్తు తగులుతుంది. ఇప్పుడు ఎగిరేవాటికి కాగితం చదవక్కర్లేదు, నూనె అప్పు అడగక్కర్లేదు, కుడి ఎడమ తెలియక్కర్లేదు. పారిపోతే పిలిస్తే వస్తాయి. మంచిదే, నేనేమీ ఏడవడం లేదు. నా మనవరాలు మూడు రోజులు ఏ చాప మీదా కూర్చోదు, అందుకు వెయ్యి డ్రోన్లు దిష్టి తీసి పడేస్తాను. కానీ ఒక బొమ్మ గాలిలో నిలబడాలంటే మూడు భాషలు, రెండిళ్లు, ఒక ముసలమ్మ తలనూనె కలవాల్సి వచ్చేది. ఆ పెళ్లి హాల్లో ఆ డ్రోన్‌కు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

పెళ్లయిన వారానికి వదిన పిలిచింది. పెళ్లికని అటక దులిపితే బాపు రేకు పెట్టె దొరికిందట, "నీ కాగితమేదో ఉన్నట్టుంది" అని ఇచ్చింది. ఫ్యాక్టరీ పాసు, రేషన్ కార్డు, వాటి కింద మడతలు చీకిపోయిన ఆ ఇంగ్లీషు కాగితం. ముక్కు దగ్గర పెట్టుకుంటే, నమ్మండి నమ్మకపొండి, ఆముదం. అంచుల్లో బాపు ఉర్దూ, అంతా పెన్సిలు, ఒక్క చోట మాత్రం నీలం ఇంకు. బాపు ఇంకు పెన్ను సంతకాలకు తప్ప వాడేవాడు కాదు. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాగితం పట్టుకుని హుస్సేనీ ఆలం పోయాను. ఖాలా కూతురు నస్రీన్ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది, టీచరుగా రిటైరైంది. గోడలో కిటికీ మూసేశారు, ఇటుకలు వేరే రంగులో తెలుస్తున్నాయి. నస్రీన్ అద్దాలు పెట్టుకుని పెన్సిలు మాటలన్నీ చదువుతూ పోయింది, పక్కటెముక, కన్నం, ఉంగరపువేలు. "ఒకటి కుడి, రెండు ఎడమ" అని ఇంగ్లీషులో ఉన్న చోటికి వచ్చి ఆగింది. ఇంకు అక్కడే.

"సుశీలా కహతీ ఉల్టా హమ్ బైఠే హైఁ. సుశీలా సహీ హై." చదివి, నాకు తెలుగులో మళ్లీ చెప్పింది, నాకర్థం కాలేదేమోనని. "ఉల్టా కూసున్నది మనమే అంటది సుశీల. సుశీల చెప్పిందే నిజం. మీ బాపు రాసిండు. ఏమైందే, నీళ్లు తాగుతవా?"

అన్నకు ఫోను చేసి చదివి వినిపించాను. "అయినా నువ్వు అంతగనం మొత్తుకోకపోతుంటివి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఈ వయసులో ఆయన్ని మార్చి నేనేం చేసుకోను. ఆ రోజు డబ్బా చేతిలో పడ్డప్పుడు ఆయన మొహం నాకు గుర్తుంది, గడ్డి పరక ఉమ్మేసి నిటారుగా నిలబడ్డాడు. ఇంటర్ తప్పిన పిల్లవాడికి పది మందిలో అది కావాల్సి వచ్చింది. నాకు తగువు అన్నతో కాదు.

ఒక పొద్దున జ్ఞాపకమొస్తోంది. మైదానానికి పోయే ముందా, తర్వాతా అంటే ఒట్టేసి చెప్పలేను. డ్యూటీకి పోయే ముందు బాపు వసారా గడప దగ్గర, నా చాప ఉండే చోట, సాసర్లో చాయ్ పట్టుకుని ఒక్కడే కూర్చుని పెద్ద గదిలోకి చూస్తున్నాడు. చాయ్ తాగుతున్నాడనుకున్నాను. అప్పుడు కొక్కేనికి విమానం ఉందా, ఉత్త కొక్కెమే ఉందా? ఎంత కళ్లు మూసుకున్నా కనిపించదు. కాగితాన్ని దీపం కింద పెట్టి కూడా చూశాను. మైదానంలో ఒలికిన నూనె మరక ఆ ఇంకు ముక్కకు రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. దాని మీదికి వచ్చి ఉంటే ఏది ముందో ఏది వెనకో తెలిసేది. రాలేదు.

ముందే రాసి ఉంటే, నేను చెప్పింది నిజమని తెలిసి కూడా, చీటీ తప్పని తెలిసి కూడా, కొడుకు తల ఎత్తుకోవాలని డబ్బా అన్నకిచ్చాడు, విమానం పోయినా సరే అనుకున్నాడు. తర్వాత రాసి ఉంటే, తెలుసుకున్నాక కూడా పోయేదాకా ఆ కథకు నవ్వాడు. మొదటిదైతే క్షమించగలను, రెండోదైతే పోట్లాడాలి. రెండింటికీ నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఏవి వాడాలో చెప్పు చాలు. బాపూ, ఆ ముక్క మైదానానికి పోకముందు రాసినవా, వచ్చినంక రాసినవా?